తులాంబెన్ ఓడ దగ్గరికి మొదటిసారి వెళ్తున్నారా? ఒడ్డు మీదే తేల్చుకోవాల్సినవి

స్కూబా డైవింగ్ మొదటి కోర్సు పూర్తిచేస్తే ఇచ్చే ఓపెన్ వాటర్ కార్డు చేతికొచ్చాక మనసు ఊరుకోదు. అండమాన్‌లోనో పుదుచ్చేరిలోనో నాలుగు డైవ్‌లు చేసి చేపల్ని చూసేశాం, ఇక మునిగిపోయిన ఓడని చూడాలి అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. సరైన ప్లాన్ లేకుండా వెళ్ళి, మొదటి ఓడ డైవ్‌ని 24 నిమిషాల్లో ముగించుకుని తలదించుకుని బయటికొచ్చాను. ఆ ముచ్చట కింద చెప్తాను, మీరు మాత్రం అలా చేయకండి.

మునిగిన నౌక అనగానే వైజాగ్ వాళ్ళకి ఘాజీ గుర్తొస్తుంది. అది 1971 యుద్ధంలో మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్, లోపల నావికులు అలాగే ఉండిపోయారు, సరదాగా వెళ్ళి చూసే చోటు కాదు. కొత్తవాళ్ళు ఎవరడిగినా నేను చెప్పేది బాలిలోని తులాంబెన్. మనవాళ్ళు ఎలాగూ హనీమూన్లకీ లాంగ్ వీకెండ్లకీ బాలి వెళ్తూనే ఉన్నారు కదా, అందులో రెండు రోజులు ఇటు తీయండి.

అక్కడున్న ఓడ పేరు లిబర్టీ. 1918లో అమెరికాలో కట్టిన సరుకు ఓడ. 1942 జనవరి 11న లాంబాక్ జలసంధి దగ్గర జపాన్ సబ్‌మెరైన్ దీన్ని టార్పిడోతో కొట్టింది. ఎలాగోలా సింగరాజా రేవుకి లాక్కెళ్దామని చూశారు కానీ నీళ్ళు నిండిపోతుంటే దారిలోనే తులాంబెన్ ఒడ్డుకి ఎక్కించేశారు. పనికొచ్చే సరుకంతా దించుకున్నాక ఇరవై ఏళ్ళకి పైగా ఆ ఒడ్డునే తుప్పు పట్టింది. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఆ కుదుపులకి సముద్రంలోకి జారి, పక్కకి ఒరిగి పడిపోయింది. అంటే మీరు చూడబోయేది నడిసముద్రంలో మునిగిన ఓడ కాదు, కొండ తోసేసిన ఓడ.

పొడవు 120 మీటర్ల పైమాటే. పైభాగం 5 మీటర్ల లోతులో తగులుతుంది, అడుగు 30 దగ్గర ఉంటుంది. ఒడ్డు నుంచి ముప్ఫై నలభై మీటర్లు వెళ్తే చాలు, పడవ అక్కర్లేదు. నీటి ప్రవాహం మామూలుగా తక్కువే. కొత్తవాళ్ళకి ఇంత అనువైన ఓడ దొరకడం అదృష్టం. అయితే చిక్కంతా అక్కడే ఉంది, సులువని అందరూ చెప్పేసరికి ప్లాన్ లేకుండా దిగిపోతాం.

ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. అరవై ఏళ్ళుగా అక్కడే పడున్న ఓడ రేపు ఎక్కడికీ పోదు. మొత్తం ఒకే డైవ్‌లో చూసేయాలనుకోకండి. మూడు డైవ్‌లుగా విడగొట్టుకోండి, మొదటిదాంట్లో తక్కువ చూడటమే ప్లాన్.

ఇంటి దగ్గర చేసుకోవాల్సిన పనులు

ముందు మీ దగ్గరున్నది నిజంగా కార్డేనా చూసుకోండి. "నేను స్కూబా చేశాను" అనేవాళ్ళలో సగం మంది చేసింది ఇన్‌స్ట్రక్టర్ వెనకాల నుంచి ట్యాంక్ పట్టుకుని తిప్పిన అరగంట డైవ్. ఫోటోలు బాగానే వస్తాయి, కానీ దాన్ని ట్రైనింగ్ అనరు. ఓపెన్ వాటర్ కోర్సులో ఈత పరీక్ష ఉంటుంది, మాస్క్‌లోకి నీళ్ళొస్తే బయటికి పంపడం, బడ్డీకి (మీకు జతగా దిగే డైవర్‌కి) గాలి ఇవ్వడం నేర్పిస్తారు, 18 మీటర్ల వరకు వెళ్ళడానికి కార్డిస్తారు. ఈ గైడ్ ఆ కార్డున్నవాళ్ళకే. లేనివాళ్ళు ముందు ఆ కోర్సు చేయండి, తర్వాత మాట్లాడుకుందాం.

కార్డుండి ఆరు నెలలకి పైగా నీళ్ళలో దిగలేదా? అయితే రిఫ్రెషర్ తీసుకోండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

తర్వాత మెడికల్ ఫారం. ప్రతి డైవ్ సెంటర్ ఇదే అడుగుతుంది: ఆస్తమా ఉందా, గుండె జబ్బుందా, చెవి ఆపరేషన్ అయిందా, బీపీకి మందులు వాడుతున్నారా వగైరా. ఫారంలో చెప్పినట్టు దేనికైనా డాక్టర్ సంతకం కావాల్సి వస్తే, అది లేకుండా దింపరు. చాలామంది బాలి వెళ్ళాక బీచ్ మీద కూర్చుని అది నింపుతూ, ఇంత దూరం వచ్చాం కదా అని అన్నిటికీ "లేదు" కొట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఫారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, నెల ముందే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మీ డాక్టర్‌కి చూపించి సంతకం పెట్టించుకోండి. ఆయన వద్దంటే మానేయండి.

ఇన్సూరెన్స్ కాగితం కూడా చదవండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో స్కూబా ఉండదు, ఉన్నా ఫలానా లోతు దాకా, కార్డు ఉంటేనే, గైడ్‌తో వెళ్తేనే అని మెలికలుంటాయి. డైవర్ల కోసమే విడిగా ఇచ్చే పాలసీలున్నాయి, అది తీసుకుంటే నిశ్చింత.

కళ్ళజోడు వాళ్ళకి ఒక మాట. మనలో చాలామందికి మైనస్ పవర్ ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. పవర్ లేని మాస్క్‌తో దిగితే ఓడ కనిపిస్తుంది కానీ గేజ్‌లో (ట్యాంక్‌లో ఎంత గాలి మిగిలిందో చూపించే మీటర్‌లో) అంకెలు కనపడకపోవచ్చు, అది ప్రమాదం. పవర్ మాస్క్ అద్దెకుందా అని సెంటర్‌కి ముందే మెసేజ్ పెట్టండి, లేదంటే ఒకరోజు వాడి పారేసే సాఫ్ట్ లెన్స్‌లు పట్టుకెళ్ళండి.

రోజులు ఎలా వేసుకోవాలి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, అదీ డైవింగ్‌తో సంబంధమే లేదనుకునే విషయంలో.

డైవ్ తర్వాత ఒంట్లో నైట్రోజన్ మిగిలి ఉంటుంది, వెంటనే ఎత్తుకి వెళ్తే అది బుడగలుగా మారి ప్రమాదం. ఒకటి కన్నా ఎక్కువ డైవ్‌లు చేస్తే విమానం ఎక్కడానికి కనీసం 18 గంటల గ్యాప్ ఉండాలి, నేనైతే ఒక రోజు పూర్తిగా వదిలేస్తాను. ఇది కోర్సులో చెప్తారు కాబట్టి అందరికీ తెలుసు. మర్చిపోయేది కొండల సంగతి. సుమారు 600 మీటర్ల ఎత్తు దాటితే దాన్నీ విమానంలాగే చూడాలి. బాలిలో అందరూ చేసే బాతూర్ సూర్యోదయం ట్రెక్ 1717 మీటర్లు. కింతామణి రోడ్డే 1500 దగ్గర ఉంటుంది. పొద్దున లిబర్టీ మీద రెండు డైవ్‌లు చేసి, సాయంత్రం కారెక్కి కింతామణి మీదుగా వెళ్ళి, తెల్లవారుజామున రెండింటికి కొండెక్కే ప్యాకేజీలు చూశాను నేను. డ్రైవర్‌కి ఈ సంగతి తెలియాలని లేదు, మీకు తెలియాలి.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. వెళ్ళగానే ఉబుద్, కొండలు, ట్రెక్, గుళ్ళు. తర్వాత తులాంబెన్. ఆఖర్న సముద్రం పక్కనే ఉండే సనూర్ లాంటి చోట ఒక రోజు, షాపింగో తిండో నిద్రో మీ ఇష్టం, ఆ తర్వాత విమానం. తిరుగు ప్రయాణంలో కొండదారి కాకుండా తీరం వెంబడి వెళ్దామని డ్రైవర్‌కి ముందే చెప్పండి.

నెలల విషయానికొస్తే ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా బాగుంటుంది. వానాకాలంలో, ముఖ్యంగా డిసెంబర్ నుంచి మార్చి మధ్య, కొండ మీది నీళ్ళు సముద్రంలో కలిసి మసకగా ఉంటుంది.

దక్షిణ బాలి నుంచి పొద్దున్నే బయల్దేరి, డైవ్ చేసి, రాత్రికి వెనక్కొచ్చే డే ట్రిప్ తీసుకోకండి. ఒకవైపు దారే రెండున్నర మూడు గంటలు. మీరు చేరే తొమ్మిది పదింటికే ఆ బస్సులన్నీ దిగుతాయి, ఓడ చుట్టూ సంతలా ఉంటుంది, అంత జనంలో మీ గైడ్ ఫిన్స్ (పాదాలకి తొడుక్కునే తెడ్లు) ఏవో పక్కవాళ్ళ ఫిన్స్ ఏవో తెలియదు. తులాంబెన్‌లోనే రెండు రాత్రులుండండి.

డైవ్ సెంటర్‌ని ఏమడగాలి

డబ్బులు కట్టకముందే ఇవి అడగండి. ఒక గైడ్‌కి ఎంతమంది? ఇద్దరైతే మంచిది, నలుగురైతే నేను ఒప్పుకోను. నాతో వచ్చేవాళ్ళు నా అంత కొత్తవాళ్ళేనా? రెండొందల డైవ్‌లు చేసినవాళ్ళతో మిమ్మల్ని కలిపితే వాళ్ళకీ విసుగు, మీకూ టెన్షన్. డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం లెక్కేసి చూపించే గడియారం లాంటిది) ప్రతి ఒక్కరికీ ఇస్తారా? మొదటి రోజు వేరే చోట చెక్ డైవ్ (మీ నైపుణ్యం, బరువు సరిచూసుకునే తేలిక డైవ్) చేయిస్తారా? చివరిదానికి "అవసరం లేదు సార్, డైరెక్టుగా ఓడకే వెళ్దాం" అన్నారంటే ఇంకో సెంటర్ చూసుకోండి.

మీ డైవ్‌ల సంఖ్య నిజమే చెప్పండి. ఆరు చేసి పదిహేను అని చెప్తే గైడ్ మిమ్మల్ని పదిహేను డైవ్‌ల మనిషిలాగే తీసుకెళ్తాడు.

మొదటి రోజు: ఓడ కాదు, బరువు

తులాంబెన్‌లోనే కోరల్ గార్డెన్ అని ఒక చోటుంది, లోతు తక్కువ, పగడాలు, రంగురంగుల చేపలు. మొదటి రోజు అక్కడ దిగండి. చేపలు బోనస్ అనుకోండి, అసలు పని నీళ్ళలో మునగడానికి నడుముకి ఎన్ని కిలోల బరువు కట్టాలో తేల్చుకోవడం.

కోర్సు స్విమ్మింగ్ పూల్‌లో చేసినవాళ్ళకి అక్కడి బరువు ఇక్కడ పనికిరాదు, ఉప్పునీళ్ళు మనిషిని ఎక్కువ తేలుస్తాయి. వెట్‌సూట్ మందం మారినా లెక్క మారుతుంది. ఇంకో కిటుకుంది: అల్యూమినియం ట్యాంక్ గాలి ఖాళీ అవుతున్నకొద్దీ తేలికవుతుంది, నిండు ట్యాంక్‌తో పోలిస్తే ఆఖర్న దాదాపు రెండు కిలోల తేడా. అందుకే డైవ్ మొదట్లో సరిపోయిన బరువు చివర్లో చాలక, సేఫ్టీ స్టాప్‌లో (పైకొచ్చేముందు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగేటప్పుడు) మనిషి బుడగలా పైకి పోతాడు. డైవ్ ఆఖర్న 50 బార్ (ట్యాంక్‌లో గాలి ఒత్తిడి కొలత) దగ్గర, 5 మీటర్ల లోతులో, బీసీడీలో (తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లో) గాలి తీసేసి, ఫిన్స్ ఆడించకుండా మూడు నిమిషాలు కదలకుండా ఉండగలుగుతున్నారా? అదే మీ బరువు. లాగ్‌బుక్‌లో రాసుకోండి.

ఇది ఓడకి ఎందుకంత ముఖ్యమంటే, అక్కడ కింద కూలబడితే తగిలేది ఇసుక కాదు. తుప్పు పట్టిన ఇనుప అంచులు, వాటి మీద పగడాలు, ఆ సందుల్లో లయన్‌ఫిష్, స్కార్పియన్‌ఫిష్ లాంటి విషపు ముళ్ళ చేపలు. స్కార్పియన్‌ఫిష్ రాయిలాగే ఉంటుంది, చెయ్యి పెట్టాక గానీ తెలియదు. దేన్నీ పట్టుకోకండి. టీటీ ఇంజెక్షన్ ఈమధ్య వేయించుకోకపోతే వెళ్ళేముందు వేయించుకోండి.

కాళ్ళ సంగతి కూడా అక్కడే చూసుకోండి. సైకిల్ తొక్కినట్టు కింద పైన ఆడిస్తే అడుగున ఉన్న నల్ల ఇసుక మేఘంలా లేచి వెనకవాళ్ళకి ఏమీ కనపడదు. కప్ప ఈదినట్టు, మోకాళ్ళు వంచి, పాదాలు పక్కలకి తోయండి. మొదట్లో ముందుకి పోతున్నామా లేదా అనిపిస్తుంది, పది నిమిషాల్లో అలవాటవుతుంది.

గాలి లెక్క

రాత్రి హోటల్లో ఒక కాగితం తీసి ఇది మీరే వేయండి.

మామూలుగా ఇచ్చేది 11 లీటర్ల ట్యాంక్. 200 బార్ నింపితే 2200 లీటర్ల గాలి. అందులో ఆఖరి 50 బార్ మీది కాదు, ఆపద కోసం. మిగిలిన 150 బార్‌కి 1650 లీటర్లు. కొత్తవాళ్ళు నిమిషానికి 20, 25 లీటర్లు పీలుస్తారు, కంగారుపడితే 30 కూడా దాటుతుంది. ఇది నీళ్ళ పైన లెక్క. 15 మీటర్ల లోతులో ఒత్తిడి రెండున్నర రెట్లు కాబట్టి 25 కాస్తా 62 అవుతుంది. 1650ని 62తో భాగిస్తే 26 నిమిషాలు. అదే 25 మీటర్ల దగ్గర మూడున్నర రెట్లు, పందొమ్మిది నిమిషాలు కూడా రాదు.

ఈ 26 నిమిషాల్లో దిగడం, చూడటం, వెనక్కి రావడం అన్నీ ఉన్నాయి. నో-డీకో టైమ్ (పైకొచ్చేటప్పుడు తప్పనిసరిగా ఆగాల్సిన పని లేకుండా ఆ లోతులో ఉండగలిగే సమయం) 18 మీటర్లకి పాడీ అనే ట్రైనింగ్ సంస్థ టేబుల్‌లో 56 నిమిషాలుంటుంది కదా అని ధీమాగా ఉండకండి, దానికి చాలా ముందే మీ గాలి అయిపోతుంది.

ఇప్పుడు నా కథ. తెల్లవారుజామున బంప్‌హెడ్ ప్యారట్‌ఫిష్‌లు ఓడ దగ్గరే నిద్రలేచి బయల్దేరతాయని ఎవరో చెప్పారు. నుదుటి మీద బొప్పి కట్టినట్టుండే పెద్ద పెద్ద చేపలు, ఒక్కోటి మీటరు పైనే ఉంటుంది, గుంపుగా వస్తే గేదెల మంద వస్తున్నట్టే. దిగిన పది నిమిషాల్లో కనిపించాయి. నేను గైడ్‌నీ, బడ్డీనీ, గేజ్‌నీ మర్చిపోయి వాటి వెనక పడ్డాను. 17వ నిమిషంలో గైడ్ వచ్చి గాలెంత అని సైగ చేస్తే చూసుకున్నాను, 70 బార్. లోతు 17 మీటర్లు. నేను వేళ్ళు చూపించగానే మాస్క్ లోపల ఆయన కళ్ళు పెద్దవవడం ఇప్పటికీ గుర్తుంది. ఏమీ అనకుండా నా బీసీడీ పట్టీ పట్టుకుని, వాలు వెంబడి నెమ్మదిగా పైకి తీసుకొచ్చాడు. ఒడ్డుకొచ్చేసరికి 40. నా వల్ల బడ్డీ డైవ్ కూడా పాడైంది, వాడి ట్యాంక్‌లో 110 మిగిలే ఉంది.

కాబట్టి దిగేముందే గైడ్‌తో, బడ్డీతో మూడు అంకెలు నోటితో చెప్పుకోండి. మొదటి డైవ్‌లో 15 మీటర్లు దాటం. ఎవరిదైనా సరే 110 బార్ దగ్గర వెనక్కి తిరుగుతాం. 5 మీటర్లకి చేరేసరికి 70 ఉండాలి. నూరు బార్‌కి సైగ ఏమిటో కూడా అడగండి, ఒక్కో గైడ్ ఒక్కోలా చూపిస్తాడు. ఐదు నిమిషాలకోసారి గేజ్ చూసుకోండి, చేప ఎంత పెద్దదైనా సరే.

ఓడ రోజు

పొద్దున ఆరింటికల్లా ఒడ్డున ఉండండి. జలుబుంటే ఆ రోజు మానేయండి, మందు వేసుకుని దిగితే దాని పవర్ నీళ్ళ లోపల తగ్గి చెవులు పట్టేస్తాయి.

మీ ట్యాంక్‌ని ఊరి ఆడవాళ్ళు మోస్తారు. నీళ్ళబిందె మోసినంత తేలిగ్గా తల మీద ఒకేసారి రెండు ట్యాంకులు పెట్టుకుని, ఆ రాళ్ళ మీద చెప్పులతో నడిచిపోతుంటే మనం ఖాళీ చేతులతో వెనక తూలుతూ వెళ్తాం.

ఆ రాళ్ళే అసలు పరీక్ష. ఇసుక బీచ్ కాదది, తలకాయంత నున్నటి గుండ్రాళ్ళు, అల వెనక్కి పోతుంటే గలగలమని దొర్లుతాయి. పాదం పెట్టిన రాయి పాదంతోపాటే కదులుతుంది. గట్టి అడుగున్న బూటీలు వేసుకోండి. మాస్క్ మొహానికి, గాలి పీల్చే రెగ్యులేటర్ నోట్లో, బీసీడీలో కాస్త గాలి, ఫిన్స్ చేతిలో. పెద్ద అలలు రెండు మూడు పోనిచ్చి, సందు చూసి, బడ్డీ భుజం పట్టుకుని గబగబా ఛాతీ లోతుకి వెళ్ళి అక్కడ ఫిన్స్ తొడుక్కోండి. మోకాలి లోతులో నిలబడి తొడుక్కుంటే పడతారు. వచ్చేటప్పుడు అల పడేస్తే లేవడానికి తంటాలు పడకండి, రెగ్యులేటర్ నోట్లోనే ఉంచుకుని పాక్కుంటూ వచ్చేయండి. చూసేవాళ్ళు నవ్వరు, వాళ్ళూ అలా వచ్చినవాళ్ళే.

నల్ల ఇసుక వాలు మీదుగా దిగుతుంటే ముందు ఏమీ కనపడదు, గార్డెన్ ఈల్‌లు పుల్లలు గుచ్చినట్టు నిలబడి ఉంటాయి, దగ్గరికెళ్తే లోపలికి జారుకుంటాయి. తర్వాత నీలంలో ఒక పెద్ద గోడలా నీడ. అక్కడ గుండె వేగం పెరుగుతుంది, గాలీ ఖర్చవుతుంది. ఆగండి. నాలుగు నెమ్మది శ్వాసలు తీసి, చెవులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, గేజ్ చూసి, అప్పుడు కదలండి.

ఈ డైవ్‌లో ఓడకి బయటి నుంచే, ఒక చివరి వైపు మాత్రమే చూస్తాం. మీటరు దూరం ఉంచుకోండి. లిబర్టీ బాగా విరిగి తెరుచుకుని ఉంటుంది, ఒకవైపు దూరితే అవతల వెలుతురు కనిపించే సందులు చాలా ఉన్నాయి. గైడ్ "రండి" అని చెయ్యి ఊపొచ్చు. వద్దని సైగ చేయండి. తల పైన ఇనుము ఉందంటే నేరుగా పైకి వెళ్ళే దారి లేదని అర్థం, దానికి వేరే ట్రైనింగ్ ఉంది, కార్డు ఉంది. ఇప్పుడు మీ పని కిటికీలోంచి తొంగి చూడటం వరకే.

110 వచ్చిందా, వెనక్కి. వాలు వెంబడే నెమ్మదిగా, నిమిషానికి 9 మీటర్లకి మించకుండా పైకొచ్చి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు. ఇక్కడి అందమేంటంటే ఆ మూడు నిమిషాలు ఊరికే వేలాడక్కర్లేదు, అదే లోతులో చూడటానికి బోలెడుంటాయి.

బయటికొచ్చాక నీళ్ళు తాగి, ఒళ్ళు ఆరకముందే లాగ్‌బుక్ రాయండి: ఎన్ని బార్‌తో దిగారు, ఎంతతో వచ్చారు, ఎన్ని నిమిషాలు, సగటు లోతెంత. కంప్యూటర్‌లో సగటు లోతు ఉంటుంది, పై లెక్కని తిరగేస్తే మీరు నిమిషానికి నిజంగా ఎన్ని లీటర్లు పీలుస్తున్నారో వస్తుంది. నాకు మొదటిసారి ముప్ఫై పైన వచ్చింది, మర్నాటి మూడో డైవ్‌కి 22కి దిగింది. రెండో డైవ్ ప్లాన్ ఆ అంకెతో వేయండి, ఈసారి ఓడ రెండో చివర, 18 లోపు. మధ్యలో కనీసం గంట విరామం ఇచ్చి, అక్కడే ఏదో ఒక వారుంగ్‌లో (చిన్న హోటల్లో) కూర్చుని వేడివేడిగా నాసి గోరెంగ్ (ఫ్రైడ్ రైస్) తినండి, సంబల్ (మిరప పచ్చడి) ఎక్కువ వేయమంటే మన నోటికి సరిపోతుంది.